కరెంటు తీసి చూసిన ఆదివారం

"నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్క పూట గడవదోయ్!" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసి అందించిన చొక్కా తొడుక్కుంటూ. అది ఆయనగారి మెచ్చుకోలు. పెళ్లయిన కొత్తలో ఆ మాటకు ఆమె మురిసి ముక్కలయ్యేది. ఇప్పుడు స్టవ్ మీద పాలు పొంగుతుంటే, జడ వేయమని కూతురు దువ్వెనతో వెంటపడుతుంటే, అవతలి గదిలోంచి అత్తగారు వేడినీళ్లడుగుతుంటే, ఆ మాట చెవిన పడగానే ఒళ్లు మండింది. గడవకపోవడమేమిటి? ఇంట్లో అందరికీ రెండేసి చేతులున్నాయి కదా! పొగిడి చేయించుకోవడం తిట్టి చేయించుకోవడం కన్నా సులువని ఆమెకు తెలిసి చాలా కాలమైంది.

పైగా ఆ మాట ఆవేళ ఊరికే రాలేదు. కంపెనీవాళ్లు వేరే ఊళ్లో కొత్త డేటా సెంటర్ కడుతున్నారనీ, అక్కడ కరెంటు, చల్లదనం ఏర్పాట్లన్నీ బిగించి, నడిపించి చూపించే బాధ్యత తనకిస్తామన్నారనీ ముందురోజే ఇంట్లో చెప్పింది. రెండు నెలలు అక్కడే ఉండాలి. సోమవారంలోగా మాట చెప్పాలి. ఇదివరకు ఇలాంటి అవకాశం వస్తే ఇల్లెలాగని వదులుకుంది. అప్పుడు వెళ్లినవాడు ఆమె కన్నా చిన్నవాడు, ఇవాళ ఆమెకు పైఅధికారి. ఈసారీ కాదంటే ఇంకెవరూ అడగరు. "వెళ్లొద్దని నేననట్లేదు. కానీ ఆలోచించు" అన్నాడు భర్త. అత్తగారు మోకాళ్లు రాసుకుంటూ "రెండు నెలలా!" అని నోరు తెరిచారు.

బంధువుల లెక్కలో ఆమె ఏసీలు బాగుచేసే మనిషి. ఎక్కడ నలుగురు కలిసినా, "మా ఇంట్లో ఏసీ సరిగా పనిచెయ్యట్లేదు, ఒకసారి వచ్చి చూడకూడదూ?" అనేవాళ్లు ఒకరుంటారు. ఆఫీసులో కూడా ఏసీ మేడమ్ అనే పిలుస్తారు. నిజానికి ఆమె చూసుకునేది హాళ్లకు హాళ్లు నిండిన సర్వర్ కంప్యూటర్లను. అవి ఆగకుండా పనిచేస్తాయి, పనిచేసినంతసేపూ పొయ్యిలా కాగుతాయి. ప్రతి వరుసకూ రెండు దారుల్లో కరెంటు వస్తుంది, ఒకటి పోతే రెండోది ఎత్తుకుంటుంది. అసలు బయటి కరెంటే పోతే బ్యాటరీలు, వాటి వెనక జనరేటర్లు. చల్లటి నీళ్లు తిప్పే పంపుల్లో ఒకటి ఎప్పుడూ అదనంగా సిద్ధంగా ఉంటుంది. ఏదైనా ఒక్కటి ఆగితే అంతా ఆగిపోయేలా ఉంటే, దాన్ని అక్కడ ఎవరూ పొగడరు. లోపం అంటారు. ముందు దాన్ని సరిచేయండని కేకలేస్తారు.

శనివారం ఒక సర్వర్ల హాల్లో పరీక్ష పెట్టారు. అంతా బాగున్నప్పుడే, అందరికీ ముందుగా చెప్పి, కావాలని బయటి కరెంటు తీసేసి చూసే పరీక్ష. తమ సర్వర్ల కోసం ఆ హాలు అద్దెకు తీసుకున్న సంస్థ తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. "చేతులు వెనక్కి కట్టుకుని చూడండి సార్, ఏదీ ముట్టుకోవద్దు" అంది ఆమె నవ్వుతూ. మీట దించగానే చల్లగాలి తోలే ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. సర్వర్లు బ్యాటరీల మీద నడుస్తూనే ఉన్నాయి, వాటిని చల్లబరిచేది మాత్రం లేదు. వేడి పెరగడం మొదలైంది. పెద్దమనిషి ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "వెయ్యండి మేడమ్, మళ్లీ వేసెయ్యండి!" అంటూ తనే మీట వైపు చెయ్యి చాపాడు. ఆమె అడ్డం నిలబడింది.

"ఆగండి సార్. ఇప్పుడు మనం వేసేస్తే, జనరేటర్ అందుకునేదో లేదో ఎప్పటికీ తెలీదు."

అంతలోనే బయట జనరేటర్ గుర్రుమంది. ఫ్యాన్లు తిరిగాయి. పెద్దమనిషి అమ్మయ్య అని నుదురు తుడుచుకున్నాడు. ఆమె మాత్రం తను అన్న మాట దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో ప్రతిసారీ మీట మీదికి వెళ్తున్న చెయ్యి తనదే కదా! ఆయన తువ్వాలు అనగానే తువ్వాలు తెచ్చివ్వడం, ఆయన ఒక్క గుడ్డు పగలగొట్టలేక తంటాలు పడుతుంటే "జరగండి, మీ వల్ల కాదు" అని లాక్కోవడం. ఆ కాస్త ఖాళీని ఎన్నడూ ఓర్చుకోలేదు. అలాగని తప్పంతా నెత్తిన వేసుకోవడానికీ ఆమె సిద్ధంగా లేదు. జరగమనగానే హాయిగా జరిగి కాలు మీద కాలేసుకు కూర్చున్నది ఆయనే మరి.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పేసింది. "రేపంతా నేను ఊళ్లో లేననుకోండి. బాల్కనీలోనే ఉంటాను, కానీ లేను."

"ఇదెక్కడి విడ్డూరమే!" అన్నారు అత్తగారు. భర్త పకపకా నవ్వి, "అలాగే, చూద్దాం" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "టీపొడి ఎక్కడ?" అని లోపల్నుంచి కేక. పై అర, ఎడమ పక్క డబ్బా అన్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుంది. "అమ్మ లేదుగా నాన్నా!" అంది కూతురు, దానికి ఈ ఆట భలే నచ్చింది. అరల తలుపులు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆమె కుర్చీని గట్టిగా పట్టుకుంది. అప్పుడు వినబడింది భర్త గొంతు. "అమ్మా, కాస్త టీ పెట్టవూ?"

"ఆ, వస్తున్నానురా" అని గోడ పట్టుకుని లేచారు అత్తగారు.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకేముంది, ఒక ఆడదాని నెత్తి మీది బరువు ఇంకో ఆడదాని నెత్తి మీదికి మారింది, అంతే! తను వెళ్తే జరిగేది ఇదే. ఈవిడ అరిగిన మోకాళ్లతో రెండు నెలలు పొయ్యి ముందు నిలబడతారు. ఇలా అయితే తను వెళ్లలేదు. వెళ్లినా మనసు ఇక్కడే ఉంటుంది. చివాలున లేచి లోపలికి వెళ్లింది.

"అత్తయ్యా, మీరూ ఊళ్లో లేరు."

"నేనా? నేనెక్కడికి పోతానే?"

"బాల్కనీలోకి."

"వాడికేం తెలుసే, మగపిల్లాడు!"

"నలభై దాటిన మగపిల్లాడు అత్తయ్యా."

అత్తగారికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశారు గానీ ఆగలేదు. కోడలి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. లోపల గిన్నె ఏదో దభీమని పడింది. "అబ్బా!" అన్నాడు ఆవిడ కొడుకు. ఆవిడ సగం లేచారు. కోడలు ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, "ఆగండి. అందుకుంటారు" అంది. చాలాసేపు చడీచప్పుడూ లేదు. ఆ తర్వాత స్టవ్ వెలిగింది, కుళాయి తిరిగింది, కూతురు ఏదో చెబుతుంటే తండ్రి నవ్వడం వినిపించింది.

"మీ మామగారూ అదే మాట అనేవారే," అన్నారు అత్తగారు ఉన్నట్టుండి. "నువ్వు లేకపోతే గడవదు, నువ్వు లేకపోతే గడవదు అని. మా అమ్మ మంచాన పడితే చూడ్డానికెళ్లి, ఆ మాట పట్టుకునే రెండో రోజుకి తిరిగొచ్చేశాను. మళ్లీ అమ్మని చూసింది లేదు. నేనొచ్చేసరికి ఇల్లు నిక్షేపంలా ఉంది." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. కోడలు ఫోను తీసి, ఆవిడ పక్కనే కూర్చుని పైఅధికారికి చేసింది. "వెళ్తాను సార్. ఖాయం" అంది. ఫోను పెట్టేశాక అమ్మయ్య అనుకుంది. ఒళ్లంతా తేలికైపోయి, ఎందుకో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మధ్యాహ్నం కూతురు వచ్చి ఇద్దరినీ భోజనానికి లాక్కెళ్లింది. అన్నం అడుగంటింది. కూర చూడ్డానికి బాగానే ఉంది. భర్త చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. "ఈ వంటింట్లో ఇంత వేడేమిటోయ్!" అన్నాడు, ప్రపంచంలో తనే మొదట కనిపెట్టినట్టు. కూతురు కంచాలు పెట్టింది. అత్తగారు అందరితోపాటు కూర్చుని, వేడివేడిగా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"ఉప్పెక్కువైందిరా. రేపు కాస్త తగ్గించి వెయ్యి."

"రేపా?" అన్నాడు కొడుకు తెల్లబోయి. "రేపు నువ్వున్నావుగా అమ్మా!"

"ఉన్నాను. నాకు చేతకాక కాదు," అన్నారు ఆవిడ ఇంకో ముద్ద కలుపుకుంటూ. "చెయ్యను."