అనూరాధ అద్దె బండి

పెళ్ళయి ఇన్నేళ్ళయినా, పాతపట్నంలోని ఆ ఇంట్లో "నీకు బండి నడపడం వచ్చా?" అని అనూరాధని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. విజయనగరంలో రోజూ కాలేజీకి బండి మీదే వెళ్ళిన పిల్ల. ఇప్పుడు తెల్లారితే కిరాణా కొట్టులో గల్లా, పొద్దు గూకితే వంటిల్లు. మధ్యలో కాసేపు వీధిలోకి వచ్చి నిలబడ్డా, "ఎక్కడికమ్మా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. తిట్టేవాళ్ళు కారు, కొట్టేవాళ్ళు అసలే కారు. అదే వచ్చిన చిక్కు. తిట్టేవాళ్ళయితే తిరగబడనైనా తిరగబడొచ్చు.

అందుకే శ్రీకాకుళంలో పిన్ని కూతురి గృహప్రవేశానికి ఒక్కతే వచ్చి, తెల్లవారుజామున ముహూర్తం కాగానే భోజనానికి కూడా ఆగకుండా బెన్హర్ కొట్టుకి వచ్చేసింది. బెన్హర్ బండ్లు అద్దెకిస్తాడు.

"ఈ చిన్న స్కూటీ తీసుకోండమ్మా. సైకిల్లాగ తేలిగ్గా ఉంటాది. తొందరేటున్నాది, ఊళ్ళు సూసుకుంటా ఎల్లండి," అన్నాడు.

తొందర లేదని తనతో ఒక మనిషి అని ఎన్నాళ్ళయిందో. ఆ ఒక్క మాటకే అనూరాధ ప్రాణం లేచొచ్చింది. శ్రీముఖలింగం వెళ్ళాలి. స్వామికి దణ్ణం పెట్టుకుని, వంశధారలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. సాయంత్రం బండి అప్పగించి ఇంటికి బస్సెక్కాలి. ఇంతకంటే ఏమీ కోరలేదు మహాతల్లి.

నరసన్నపేట బజారు దాకా హాయిగానే వచ్చింది. హెల్మెట్లో ఉన్న మొహాన్ని కన్నతల్లి కూడా పోల్చలేదు. అలాగే పోతే సరిపోయేది. కానీ టోకు కొట్టు ముందు కుర్చీలో గణపతిరావు కూర్చుని ఉన్నాడు. మావగారు నగరేశ్వరరావుకి పెదనాన్న కొడుకు. పెద్దవాళ్ళు కనిపిస్తే పలకరించకుండా దాటిపోవడం ఆ ఇంటి కోడళ్ళకి రాని విద్య. చెయ్యి దానంతటదే బ్రేకు నొక్కేసింది. దిగి, హెల్మెట్ తీసి, పమిట సర్దుకుని, "బాగున్నారా పెదమావయ్యా?" అంది. అన్నాక గానీ ఏం చేసిందో తెలిసిరాలేదు. బుద్ధి ఉండాలా వద్దా?

"ఓసి నువ్వేటమ్మా? బండి కూడా వస్తాదేటి నీకు? సాయంత్రం పాతపట్నమే కదా ఎల్తావు. ఖాళీగా ఎల్లడమేటి, ఉండు," అన్నాడాయన.

వ్యాపారం చేసేవాళ్ళంతే. అయినవాళ్ళు ఊరు దాటుతున్నారంటే చేతిలో ఏదో ఒక సరుకు పెడితే గానీ తోచదు. చింతపండు బుట్ట కాళ్ళ దగ్గర ఇరికించారు. అగరొత్తుల అట్టపెట్టెలు వెనక సీటుకి తాడేసి కట్టారు. నగరేశ్వరరావు కోడలని తెలియగానే పక్క కొట్టు జగ్గమ్మ అప్పడాల సంచీ తెచ్చి హ్యాండిల్‌కి తగిలించింది.

"శ్రీముఖలింగం వెళ్దామని..." అని నసిగింది అనూరాధ.

"ఎల్లమ్మా, ఎవులొద్దన్నారు?" అన్నాడు గణపతిరావు.

నిజమే, ఎవరూ వద్దనలేదు.

కాళ్ళు పెట్టుకునే చోటు లేక, రెండూ బయటికి చాపుకుని, తూలుకుంటూ శ్రీముఖలింగం చేరింది. గుడి దగ్గర వదిలేస్తే సరుకు ఎవరు చూస్తారు? పైగా ఒకరి సొమ్ము. సరేనని నది ఒడ్డుకి పోనిచ్చింది. స్టాండు వేస్తే ఆ బరువుకి ఇసకలో దిగబడి బండి ఒరిగిపోతోంది. రెండుసార్లు చూసి విసిగిపోయి, దాని మీదే కూర్చుని కాళ్ళు నేలకి ఆనించి పట్టుకుంది. ఎదురుగా, నాలుగడుగుల్లో వంశధార. దిగడానికి లేదు. ఏడుపొచ్చి ఏడ్చింది.

ఫోను మోగింది. మావగారు నగరేశ్వరరావు. కబురు అప్పుడే చేరిపోయింది. అనూరాధ కళ్ళు తుడుచుకుంది. ఇవాళ అనేస్తుంది. అవును, చెప్పకుండానే వచ్చాను, నాకూ ఒక రోజు కావాలి. తిట్టనీ, చూద్దాం.

"అనూరాధా, అన్నయ్య ఇప్పుడే సెప్పాడు. ఇంత బాగా బండి నడుపుతావని ఇన్నాళ్ళూ సెప్పలేదేటమ్మా?"

గొంతులో కోపం లేదు. మురిసిపోతున్నాడు.

"సరుకేసుకుని లైనుకి ఎల్లేవోడు మానీసిన కాడి నించి చుట్టుపక్కల ఊళ్ళ కొట్లకి అందించలేక సస్తన్నాం. ఇంక నువ్వున్నావు. పొద్దున్న మెళియాపుట్టి వైపు తిరిగొచ్చీ. మద్దేనం మిగిలిన ఊళ్ళు. సాయంత్రం గల్లా ఎలాగూ నీదే. ఇలాంటిదే తేలికపాటి బండి కొనీస్తాను."

సిద్ధం చేసుకున్న మాటలన్నీ కోపానికి జవాబులు. 

"మీ అత్త ఏ రంగు కావాలో అడగమంటంది. నీకు నచ్చిందే తీసుకుందాం, సెప్పమ్మా."

ఒరిగిపోతున్న బండిని మోకాలితో నిలబెట్టుకుని, "మీ ఇష్టం మావయ్యా," అంది అనూరాధ.