తిరగలి రాయి కింద

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, మా పాప మావిని కుక్కలు లాగేస్తాయని. చెబితే నవ్వుతారని తెలుసు. బిడ్డ వెనకాల కడుపులోంచి వచ్చిన మావిని సొంత గడపలో లోతుగా పూడ్చాలని, ఆ చోట రోజూ నీళ్ళు పొయ్యాలని మా అమ్మమ్మ చెప్పేది. అది కుక్క నోట పడితే తల్లికి పాలు ఎండిపోతాయట, బిడ్డ నిద్రలో ఉలిక్కిపడుతుందట. నేను ఇంటరు మొదటి సంవత్సరంలోనే చదువు మానేశాను, అందుకే ఇవన్నీ నమ్ముతానని మా ఆయన అంటాడు. కావచ్చు. ఆయన వరికోత మిషను తోలుకుంటూ కోదాడ అవతలెక్కడో ఉన్నాడు. భయం మాత్రం నా దగ్గరే ఉంది.

కానీ నేను చెప్పాలనుకున్నది దేవకుమారి సంగతి. ఆమె ఆ రోజు ఎలా గడిచిందో కొంత నేను చూశాను, కొంత ఆమే చెప్పింది. మిగతాది పిల్లకు పాలిస్తూ కూర్చుని ఊహించుకున్నాను.

నాకు కాన్పైన ఆ పొద్దున దేవకుమారి కాన్పు గది నేల తుడుస్తోంది. నీలం చీర కుచ్చిళ్ళు తడవకుండా ఎగదోపుకుంది. పాదాలు వాచి, హవాయి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. బ్లీచింగు పొడికి వేళ్ళ చివర్లు తెల్లగా నాని, గోళ్ళ చుట్టూ పగుళ్ళు. ఒక మూల దాకా తుడిచి, గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, మళ్ళీ వంగేది. తెనాలిలో ఆ నర్సింగ్ హోము తెరిచినప్పటి నుంచీ ఆమె అక్కడ ఆయా. ఒకరి నెత్తురు కడిగి ఇంకొకరికి మంచం సిద్ధం చెయ్యడం ఆమె పని. పుట్టిన పిల్లల్ని ఎత్తుకోవడానికి సిస్టర్లున్నారు. పిల్లల వెనకాల వచ్చేదే ఆమె చేతికి వస్తుంది. దాన్ని స్టీలు పళ్ళెంలోంచి పసుపుపచ్చ కవరులోకి వంచి, మూతి ముడేసి, మెట్ల కింద డబ్బాలో పెడుతుంది. మధ్యాహ్నం వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. ఎక్కడికని ఆమె ఏనాడూ అడగలేదు.

ఆమె మా పాప మావి ఉన్న కవరు మూతి ముడేస్తుంటే మా అత్తగారు సుందరమ్మ గుమ్మంలోకి వచ్చింది. మా అత్త వేటపాలెంలో జీడిపప్పు కొట్టే పనికి వెళుతుంది. నా కాన్పు కోసం సెలవు పెట్టి వచ్చింది.

“అది మాకు కావాలమ్మా. మా కోడలు నిన్నట్నించీ ఒకటే గోల.”

దేవకుమారి చేతులు ఆగాయి. “ఈమధ్య ఎవరూ అడగట్లేదండి. ఉండండి, సిస్టర్ని అడుగుతాను.”

సిస్టరు ఫోనులోంచి తల ఎత్తకుండానే, “తీసుకుపోతే పోండి. ఇక్కడ మాత్రం వాసన రాకూడదు” అంది.

అడగడం అడిగాం గానీ పూడ్చడానికి చోటేది? తెనాలిలో మాది అద్దె వాటా. వేటపాలెంలో మా అత్తదీ అద్దె గదే. నేను పడుకున్న మంచంలోంచే మా ఇంటివాళ్ళావిడ సీతారావమ్మగారికి ఫోను చేశాను.

“ఎక్కడ పూడుస్తావే తల్లీ? మొన్నేగా దొడ్డంతా సిమెంటు చేయించింది. గునపం దిగదు. మా ఇంట్లో ఉన్న మట్టంతా కరివేపాకు కుండీలోనే ఉంది” అందావిడ. “అయినా రేపు మీరు ఖాళీ చేసి ఇంకో ఇంటికి పోతారు. నీ కూతురి మావి నా దొడ్లో ఉండిపోద్ది. దాని మంచిచెడ్డలు నేనెక్కడ చూసుకోనే?” అంది.

ఆవిడ కోపంగా అనలేదు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు.

“ఊరుకో. కాలవలో వదిలేసొస్తాలే” అంది మా అత్త.

“కాలవగట్టు నిండా కుక్కలే అత్తా!”

“మరైతే నెత్తిన పెట్టుకు తిరుగు!”

మా మంచాల మధ్య నేల తుడుస్తున్న దేవకుమారి మాపు కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది. అలసిపోయి ఆగిందనుకున్నాను.

“అంత బెంగైతే నాకియ్యమ్మా” అంది. “మాది భట్టిప్రోలు. కాలవ దగ్గర ఇల్లు. ఇల్లంటే ఇల్లు కాదులే, ఒక గది. గడప ముందు మాత్రం మట్టుంది.”

“పరాయివాళ్ళది నీ గడపలోనా? నీకేం ఖర్మమ్మా?” అంది మా అత్త.

“నా గడప తొక్కేవాళ్ళెవరున్నారక్కగారూ? ఖాళీగానే ఉంది.”

అన్నం వేళకు ఆమె తన క్యారేజీ తెచ్చి మా అత్త ముందు పెట్టింది. రెండు గిన్నెల స్టీలు క్యారేజీ, పక్కన చిన్న సొట్ట. “పొద్దుట్నుంచీ మంచినీళ్ళే తాగుతున్నారు. తినండి. నాకివాళ లోపలికి పోవట్లేదు” అని, వద్దంటున్నా వినకుండా బజారుకు వెళ్ళింది. మా అత్త వంకాయ కూరన్నం తింటూ, “ఉప్పు వెయ్యలేదేంటీవిడ?” అని గొణిగింది. డాక్టరు ఉప్పు మానమన్నాడని తర్వాత నిర్మల చెప్పింది. నిర్మల అక్కడ ఇంకో ఆయా.

దేవకుమారి కొత్త కుండ, మూకుడు, కల్లుప్పు, పసుపు తెచ్చింది. దొరకవేమో అనుకున్న వడ్లు కూడా గుప్పెడు కొంగున కట్టుకొచ్చింది. బజారులో ఆగి ఉన్న ధాన్యం ట్రాక్టరు వాణ్ణి అడిగిందట. వెనక వరండాలో కుళాయి దగ్గర కూర్చుని మావిని కడిగింది. పసుపు పొట్లం విప్పబోతుంటే మా అత్తకు అనుమానం వచ్చింది.

“నువ్వు చర్చికి పోతావు కదా, పసుపు పెట్టొచ్చా?”

“కూరలో వేసుకోట్లేదా ఏంటండీ?”

మా అత్త పకపకా నవ్వింది. కాన్పు నొప్పులు మొదలైన దగ్గర్నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు.

కుండలో పెట్టేముందు దేవకుమారి దాన్ని పళ్ళెంలో నా దగ్గరికి తెచ్చింది. “చూస్తావా తల్లీ? చూసినవాళ్ళు తక్కువ.”

ఒకవైపు ముదురెరుపు, ముద్దముద్దగా. రెండోవైపు నున్నగా ఉంది. నడిమి నుంచి నీలం నరాలు పెద్ద కాలవలోంచి చిన్న కాలవలు, చిన్న కాలవల్లోంచి బోదెలు చీలినట్టు అంచుల దాకా పారాయి. నాకు అసహ్యమేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. వేలితో తాకాను. చల్లబడిపోయింది.

“ఇన్నాళ్ళూ నీ పిల్లకి అన్నం పెట్టింది ఇదేనమ్మా” అంది. “పనైపోయింది. ఇక పడుకోబెట్టాలి.”

“మీ పిల్లలవి ఎక్కడ పూడ్చారు ఆంటీ?”

ఆమె పళ్ళెం అంచు కొంగుతో తుడిచింది. “ఒక్క కాన్పేనమ్మా. పిల్లోడు ఏడవలేదు. బిడ్డే లేనప్పుడు మావి సంగతి ఎవరడుగుతారు? నేనూ అడగలా.”

అడిగినందుకు నాకు నాలుక కొరుక్కోవాలనిపించింది. ఆమె మామూలుగానే కుండలో ఉప్పు పరిచి, మావి పెట్టి, పసుపూ వడ్లూ చల్లింది. మూకుడు బోర్లించి గుడ్డ కట్టింది. తర్వాత దానిమీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏమని ప్రార్థన చేసిందో తెలీదు, ఆమేన్ మాత్రం వినపడింది. మా అత్త కూడా దండం పెట్టింది.

సాయంత్రం డ్యూటీ దిగాక కుండను తన గుడ్డసంచిలో పెట్టుకుంది. ఆ సంచి రోజూ క్యారేజీ పెట్టుకునేది. కడిగిన క్యారేజీని నా కిటికీలో పెట్టి, “రేపొచ్చి తీసుకుంటాలే. రెండూ మొయ్యలేను” అంది. వెళుతూ పాప అరికాలు బొటనవేలితో ఒకసారి ముట్టుకుంది.

రేపల్లె బస్సులో కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టిక్కెట్టు కొట్టాడు.

“కుండలో ఏంటి పెద్దమ్మా? పెరుగైతే మాక్కూడా తలా కాస్త పొయ్యి. లేకపోతే కుండక్కూడా టిక్కెట్టు కొడతా.”

“చంటిబిడ్డది నాయనా. మావి.”

అతను ముందు సీటు మీదున్న తన పెట్టె తీసి కింద పెట్టి, “ఇటొచ్చి కూర్చో, ఇక్కడ కుదుపుండదు” అన్నాడు. బస్సు వేమూరు దాటింది. చేలల్లో వరి పనలు ఆరుతున్నాయి. ఆమె కాళ్ళు చెప్పుల్లోంచి తీసి, చల్లటి ఇనుము మీద ఆనించి, కుండ మీద గడ్డం పెట్టి కళ్ళు మూసుకుని ఉంటుంది. అట్లాగే ఉంటుందని నాకనిపిస్తుంది.

భట్టిప్రోలులో దిగి కాలవ వెంట నడుస్తుంటే రెండు కుక్కలు వెంటపడ్డాయట. ఆమె రెండుసార్లు ఆగి, చతికిలబడి, కుండను కొంగుతో కప్పుకుని, మళ్ళీ లేచి నడిచిందట. ఈ సంగతి ఫోనులో నవ్వుతూ చెప్పింది. నవ్వు మధ్యలో ఊపిరి తెగిపోతోంది.

“పూడ్చానమ్మా. గడప ముందే. మోకాటి లోతు తవ్వా. పైన మా అత్త నాటి తిరగలి రాయి దొర్లించి పెట్టా. కుక్క కాదు, దాని తాత వచ్చినా కదలదు. ఇప్పుడే బిందెడు నీళ్ళు పోశా. రోజూ పోస్తాలే, నాదేం పోయింది? నువ్వు పడుకో.”

“మీరు తిన్నారా ఆంటీ?”

“తింటాలే. కాస్త ఆయాసంగా ఉంది. కాసేపు నడుం వాల్చి లేస్తా.”

మర్నాడు నేల తుడవడానికి నిర్మల వచ్చింది. దేవకుమారి రాలేదంది. ఆ మర్నాడూ నిర్మలే వచ్చింది. నేను కిటికీలో క్యారేజీ వైపు చూస్తున్నానని గమనించి, బకెట్టు కింద పెట్టింది. “దేవకుమారికి ఫోన్ చేస్తే పక్కింటామె ఎత్తిందమ్మా. ఆయాసం ఎక్కువైతే రేపల్లె తీసుకుపోయారంట, అక్కడి నుంచి బాపట్ల పంపారంట. తర్వాత స్విచ్చాఫ్ వస్తోంది” అంది. అంతకుమించి ఆమెకూ తెలీదు. ఆ వారంలోనే నర్సింగ్ హోముకు కొత్త ఆయా వచ్చింది.

నాకు మూడోనాడు పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిపోయేటన్ని. ఆ బిందెడు నీళ్ళ వల్లనే పడ్డాయని నా నమ్మకం. మా ఆయన ఇంకా రాలేదు. నన్నూ పాపనూ మా వాటాకు చేర్చి, సెలవైపోయి మా అత్త వేటపాలెం వెళ్ళింది. ఇరవై ఒకటో రోజు దాకా గడప దాటొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళింది. కుట్లు ఇంకా సలుపుతున్నాయి. దేవకుమారి నంబరుకు రోజూ చేస్తూనే ఉన్నాను.

మీలో ఎవరైనా భట్టిప్రోలు మీదుగా వెళ్ళేవాళ్ళుంటే ఒక్కసారి దిగండి. కాలవ దగ్గర దేవకుమారి ఇల్లంటే చెబుతారు. ఒకటే గది, గడప ముందు తిరగలి రాయి ఉంటుంది. రాయి కదిలిందా, కుక్కలు తవ్వాయా అని నా కోసం చూడకండి. ముందు తలుపు కొట్టండి. ఆమె తలుపు తీస్తే, తెనాలి పాపకు పాలు సరిపోతున్నాయని చెప్పండి. తాళం వేసి ఉంటే పక్కింట్లో అడగండి, బాపట్లలో ఏ ఆసుపత్రో కనుక్కోండి.

క్యారేజీ మా కిటికీలో ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా ‘జ్ఞానానందం, భట్టిప్రోలు’ అని ఆమె భర్త పేరు చెక్కి ఉంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అత్త పై గిన్నెలో బెల్లం ముక్క పెట్టి వెళ్ళింది. చీమలు పట్టినప్పుడల్లా కడిగి, తుడిచి, కొత్త ముక్క పెట్టి మూత వేస్తున్నాను.