మూడో అరలో పెన్సిలు

ఎస్తేరమ్మ పరాయి దేశంలో, టాలట్ అనే ఊళ్లో, డాక్టరైన కూతురి దగ్గర ఉంటుంది. పొద్దున లేస్తే ఇంటిల్లిపాదికీ మార్కులు వెయ్యడమే పని. కూతురి టీకి ఆరు. అల్లుడి ఇస్త్రీకి నాలుగు. మనవరాలు ఆమని జడకి రెండు, అదీ జాలిపడి. పదికి పది ఇంతవరకూ ఎవరికీ ఇచ్చింది లేదు.

ఈ జూన్‌లో ఒకరికి ఇద్దామనుకుంది. ఎదురింటి నోరీన్‌కి. యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లుండే హాస్టలు మీద రాళ్లు పడ్డప్పుడు, ఆ మనిషి ఫ్లాస్కు పట్టుకెళ్లి మూడు రోజులు దాని గుమ్మంలో కూర్చుంది. ఇప్పుడు ఊరి కౌన్సిలు ఎన్నికల్లో నిలబడింది. హాస్టలు వాళ్లని తరిమెయ్యమని కరపత్రాలు పంచినాయనా నిలబడ్డాడు.

ఇక్కడ కాపురముంటే చాలు, కౌన్సిలుకి ఓటుంది. సొంతూళ్లో ఎస్తేరమ్మ నాలుగుసార్లు బూత్‌కి వెళ్తే నాలుగుసార్లూ, నీ ఓటు పడిపోయిందిలే పొమ్మన్నారు. అన్నవాడి చొక్కా రంగు కూడా ఆమెకి గుర్తే. వాడు పోయాడు గాని ఆమె కోపం పోలేదు. డెబ్బై రెండేళ్లకి ఇదే మొదటి ఓటు.

పోలింగు బళ్లో. అక్కడ ఓటేసే అరల్లో మూడోదాంట్లో దారం కట్టిన పెన్సిలు మనసులో లేనిది రాయదు. ఈ దేశం ఇంగ్లీషువాళ్లని వెళ్లగొట్టి, ఆనక అన్నదమ్ములే ఒకళ్లనొకళ్లు కాల్చుకున్న రోజుల నాటిదా పెన్సిలు. అప్పట్నుంచీ దాని తీరంతే. ఎటూ తేల్చుకోనివాళ్లు పక్క అరలోకి పోతారు. ఎస్తేరమ్మ నేరుగా అందులోకే వెళ్లింది.

కాగితం నిండా ఫొటోలు, పక్కన అంకె వేసే గళ్లు. ఎలా వెయ్యాలో ఆమని ముందే చెప్పబోతే, మార్కులెయ్యడం నాకు నేర్పుతావా అని నోరు మూయించింది. నోరీన్ ఎదురుగా పది వేసింది. ఒకటి పడింది, సున్నా పడలేదు. నొక్కిపెట్టి దిద్దినా పడలేదు. కరపత్రాలాయనకి ఒకటి వెయ్యబోయింది. గీత కూడా రాలేదు. ఆ పెన్సిలుతో వాదన పనికిరాదని ఆఫీసరమ్మ సైగ చేస్తే, కాగితం మడిచి పెట్టెలో వేసి వచ్చేసింది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "పదికి ఒకటి వేసొచ్చానే ఆ మహాతల్లికి. నా చేత్తోనే ముంచాను."

ఆమని ఫక్కున నవ్వబోయి, అమ్మమ్మ మొహం చూసి మానుకుంది. "యూ ఆర్ గ్రాండ్, ఏం కాలేదులే అమ్మమ్మా. ఇక్కడ వేసేది మార్కులు కాదు, ర్యాంకులు. ఒకటంటే ఫస్టు. నువ్వనుకున్నట్టు వేసుంటే ఆయనకి ఫస్టు పడేది, నోరీన్‌కి లాస్టు."

ఎస్తేరమ్మ కంచం దగ్గరికి లాక్కుంది.

లెక్కింపు రెండు రోజులు సాగింది. ఉన్న సీట్లలో ఆఖరిదానికి నోరీన్, కరపత్రాలాయన మిగిలారు. మళ్లీ లెక్కపెట్టమన్నాడాయన. పెట్టారు. ఒక్క ఓటుతో నోరీన్ గెలిచింది.

మర్నాడు ఆమె గడపగడపకీ తిరుగుతూ వీళ్ల గుమ్మంలోకీ వచ్చింది. ఆ ఒక్కటీ ఎవరిదోనంటూ ఎస్తేరమ్మ చేతులు పట్టుకుంది. ఆమని తెలుగులో చెప్పడం పూర్తికాకముందే ఎస్తేరమ్మ, "నాదని చెప్పు," అంది.

వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే మాటన్నారని నోరీన్ నవ్వింది.

ఎస్తేరమ్మ కొంగు సర్దుకుంది. "అననీ. అందరిదీ అయ్యుంటుంది. ముందు నాది."