తప్పు చెప్పిన ముల్లు

గిద్దలూరు ఫారెస్టు బంగళాలో రొట్టెలు కాల్చే పని సుబ్బులమ్మది. రాచర్ల దగ్గర గొర్రెలు కాచుకునే ఇంటి మనిషి. మొగుడు కాటమరాజు మందను తోలుకొని నల్లమల మీదికి పోతే నెలకో రెండు నెలలకో గానీ ఇల్లు చేరడు. పాత దొర ఉన్నప్పుడు ఆమె అంట్లు తోమడానికి బంగళాలో చేరి, వంటవాడు జబ్బుపడితే రొట్టె కాల్చడం నేర్చుకుంది. పెరట్లో మట్టిపొయ్యి ఉండేది. లోపల చెయ్యి పెట్టి వేడి చూసుకునేది. నాలుగేళ్ళలో ఒక్క రొట్టె మాడలేదని ఆమెకు గర్వం. ఆ గర్వాన్ని దాచుకునేది కూడా కాదు.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో కొత్త దొర వెంట వచ్చిన దొరసాని మట్టిపొయ్యి కూలగొట్టించింది. మద్రాసు నుంచి ఇనప పొయ్యి రైల్లో వచ్చింది. స్టేషను నుంచి బండి మీద తెస్తుంటే వాగు దిగేచోట బండి ఒరిగి పొయ్యి కిందపడింది. పైకి చిన్న సొట్ట తప్ప ఏమీ కనిపించలేదు. కింద కట్టెలు మండించాలి, పై అరలో రొట్టె పెట్టాలి. తలుపుకు గడియారం లాంటి బిళ్ళ, దాని మీద అంకెలు, ఒక ముల్లు. ముల్లు ఎక్కడ నిలిస్తే లోపల అంత వేడి ఉన్నట్టు.

"ఇక చేతులు పెట్టి చూడటాలు వద్దంట. ముల్లు ఈ గీత కాడికి వస్తేనే రొట్టె లోపల పెట్టాలంట" అని దొరసాని ఇంగ్లీషును బట్లరు ఓబులయ్య తెలుగు చేసి చెప్పాడు.

మొదటిరోజే సుబ్బులమ్మకు అనుమానం వచ్చింది. తలుపు తీస్తే ముఖానికి కొట్టే సెగ చాలంటోంది, ముల్లు చాలదంటోంది. దొరసాని ఇంకా కట్టెలు వెయ్యమంది. వేసింది. రొట్టె పైన బొగ్గయింది, లోపల పచ్చిపిండి. రెండోసారీ అంతే. మూడోసారి, కంభం నుంచి ఇద్దరు దొరలు భార్యలతో టీకి వచ్చిన రోజు, కేకు నల్లగా వచ్చింది. దొరసాని ఆ పళ్ళెం అతిథుల ముందే పెట్టించి సుబ్బులమ్మను పిలిపించింది.

"పొయ్యి ముందర కునుకు తీసినావంటుండాది" అన్నాడు ఓబులయ్య. "తప్పయిందని చెప్పు, పోతాది."

"నేను నిద్రపోలేదు. ముల్లే తప్పు చెప్తాంది. అట్ల చెప్పు మామా."

ఓబులయ్య ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అందులో 'సారీ' అన్న మాట ఆమెకు తెలుసు.

"సారీ అన్లేదు నేను" అంది సుబ్బులమ్మ గట్టిగా. "నేనన్న మాట నేనన్నట్టే చెప్పు."

అతిథుల్లో ఎవరో నవ్వారు. దొరసాని ముఖం ఎర్రబడింది. శనివారం వీళ్ళంతా మళ్ళీ వస్తారనీ, ఆ రోజు కూడా రొట్టె మాడితే ఇంటికి పొమ్మనీ చెప్పి పంపేసింది.

వంటింట్లో ఓబులయ్య తల పట్టుకున్నాడు. "నీకేం పోయేకాలమే సుబ్బులూ! నీ మొగుడి మందకు అడవిలో మేత పర్మిట్టు ఇచ్చేది ఆ దొరే. మర్సిపోయినావా?"

"మర్సిపోలేదు. దానికని చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకోవాల్నా?"

శనివారం పొద్దున సుబ్బులమ్మ పొయ్యి అంటించలేదు. కత్తిమొనతో మరమేకులు రెండూ విప్పి బిళ్ళను ఊడదీసింది. దాని వెనక వేలెడు ఇనపకడ్డీ ఉంది. అప్పుడే వచ్చిన దొరసాని అది చూసి కేకలు పెట్టింది. సుబ్బులమ్మ కదల్లేదు. పక్కనున్న అన్నం పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగి తెర్లుతున్నాయి.

"తెర్లే నీళ్ళ వేడి ఎవరింట్లోనైనా ఒకటే గదా మామా. దానికి ఈ ముల్లు యాడ నిలబడాలో అడుగు."

ఓబులయ్య అడిగాడు. దొరసాని విసుగ్గా రెండువందల పన్నెండు ఫారన్‌హీట్ డిగ్రీలని చెప్పి, బిళ్ళ మీద ఆ చోటు వేలితో చూపింది. సుబ్బులమ్మ కడ్డీని నీళ్ళలో ముంచింది. ముల్లు మెల్లగా పాకి, చాలా ఇవతలే ఆగిపోయింది. దొరసాని వంగి చూసింది. మళ్ళీ తీసి ముంచమంది. నూటముప్పై దగ్గరే ఆగింది.

బిళ్ళ వెనక చిన్న మర ఉంది. సుబ్బులమ్మ కడ్డీని నీళ్ళలోనే ఉంచి, పట్టకారుతో మరను కొద్దికొద్దిగా తిప్పి, ముల్లును దొరసాని చూపిన చోటికి తెచ్చింది. బిళ్ళను తలుపుకు బిగించింది.

"పొయ్యి అంటియ్యమంటుండాది" అన్నాడు ఓబులయ్య సంబరంగా.

సుబ్బులమ్మ వెళ్ళి వంటింటి మెట్టు మీద కూర్చుంది.

"అంతమంది ముందర నన్ను నిద్రపోయిందన్నది. వాళ్ళ ముందరే కాదని చెప్పాల. చెప్పినాకనే అంటిస్తా."

"దొరసాని నీకు తప్పొప్పుకుంటాదా? తలకాయ పన్జేస్తాందా నీకు?"

"నువ్వు చెప్పు మామా. నేనన్నట్టే."

ఓబులయ్య దొరసాని వైపు తిరిగి, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా చెప్పాడు. దొరసాని విని లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దెక్కింది. కలిపిన పిండి తడిగుడ్డ కింద పొంగింది. సుబ్బులమ్మకు అడవి మీదున్న మంద గుర్తొచ్చింది. చీర కుచ్చెళ్ళు కాళ్ళ మీదికి లాక్కుంది గానీ లేవలేదు. మధ్యాహ్నానికి అతిథుల మోటారు వచ్చి ఆగింది.

కాసేపటికి దొరసాని వాళ్ళను వెంటబెట్టుకొని వంటింటి వసారాలోకి వచ్చింది. ఓబులయ్య ముందుకు రాబోతే చేత్తో ఆపింది.

"తప్పు... పొయ్యిది" అంది, మాటలు వెతుక్కుంటూ. "సుబ్బులమ్మది... కాదు."

ఒకావిడ నవ్వబోయింది. దొరసాని నవ్వలేదు. సుబ్బులమ్మ లేచి, చీర దులుపుకొని, కట్టెలు పేర్చి అంటించింది.

ఆ రోజు టీ చాలా ఆలస్యమైంది. రొట్టె మాత్రం పైన ఎర్రగా, లోపల మెత్తగా దిగింది. దొరసాని మెచ్చుకోలేదు, ఆ తర్వాత కూడా ఆమెతో ముభావంగానే ఉంది. మేత పర్మిట్టు మాత్రం ఆ ఏడూ ఇచ్చారు.

సాయంత్రం ఖాళీ పళ్ళేలు తెచ్చి పెడుతూ ఓబులయ్య అడిగాడు: "నిజంగానే పొమ్మనింటే ఏంజేసేదానివే?"

"పోయేదాన్ని" అంది సుబ్బులమ్మ. "తప్పు ఒప్పుకొని మాత్రం పోయేదాన్ని కాదు."