ఆయనగారి పార్సెల్

ఆమె పాపకి బూటు లేసు కడుతుండగా తలుపు చప్పుడైంది. పదకొండింటికి కోర్టు.

"సార్ పేరు మీద వచ్చిందమ్మా. సంతకం పెట్టండి," అన్నాడు పార్సెల్ అతను.

పెట్టేసింది. ఏడేళ్ల అలవాటు మరి. ఆయన బ్యాంకు ఫారాలు, పాస్‌వర్డులు, చివరికి రెజ్యుమే కూడా తన చేతి పనే. "నువ్వే నింపేయ్, నాకు చిరాకు," అనేవాడు సోఫాలోంచి. "మగాడికి కాగితాల పనేంటమ్మా, చదువుకున్నదానివి నువ్వున్నావుగా," అని అత్తగారి వంత. ఆఫీసులో రోజంతా పక్కవాళ్ల కోడ్‌లో తప్పులు పడితే జీతం. ఇంటికొచ్చి వాళ్లబ్బాయిలో ఒక్క తప్పు పడితే పొగరు.

ఆయన వెళ్లిపోయి ఏడాదిన్నర. నెలనెలా పాపకీ తనకీ ఇంత ఇవ్వమని కోర్టు చెప్పాక రెండు నెలలు ఇచ్చాడు. తర్వాత చేతులెత్తేశాడు. ఉద్యోగం లేదని ఇరవయ్యో తారీఖున ప్రమాణపత్రం కూడా వేశాడు. "అబద్ధమని చూపించలేకపోతే ఇవాళ్టితో ఆ భరణం రద్దు చేసేస్తారేమోనమ్మా," అంది లాయరమ్మ. రద్దయితే పాప బడి మానెయ్యాలి. తన జీతంలో సగం ఆయన తిరిగే కారు కిస్తీకే పోతోంది, లోన్ కాగితాల మీద సంతకం తనది కాబట్టి.

పెట్టె మీద చీటీ చదివింది. ఏదో కంపెనీ పేరు. 'కొత్త ఉద్యోగి లాప్‌టాప్. చేరిన తేదీ: పదిహేను.' ప్రమాణపత్రానికి సరిగ్గా ఐదు రోజుల ముందు. కింద ఈ ఇంటి అడ్రసు, తన ఫోన్ నంబరు. తను టైపు చేసిన రెజ్యుమేలో ఉన్నవి ఉన్నట్టే. మార్చాలంటే ఫైలు తెరిచి రెండు లైన్లు చదవాలిగా, పాపం.

ఫోన్ మోగింది. ఆయనే.

"బంగారం..."

ఏడాదిన్నర తర్వాత బంగారమైంది.

"ఏదో పార్సెల్ అక్కడ ఇచ్చేశారని మెయిలొచ్చింది. ఫ్రెండుదిలే. తెరవకు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తా."

"పరాయి సొమ్ము నేనెందుకు తెరుస్తాను?"

పాపని బళ్లో దింపి, పెట్టెని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. కోర్టు గదిలో ఆమె చేతుల్లో పెట్టె చూడగానే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏంటమ్మా అది?" జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఈయన పార్సెలండీ మేడమ్. అడ్రసు మార్చుకోవడం మర్చిపోయారు." టేపు కూడా విప్పని పెట్టెని చీటీ పైకి కనబడేలా బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను ఉంచింది. "ఇన్నాళ్లూ నేనే పెట్టాను. ఈ ఒక్కదానికైనా ఆయన్నే సంతకం పెట్టి తీసుకోమనండి."