ఎర్ర చీటీలు

తల్లి పోయిన రోజే ఆమె ముద్ర కూడా పోయింది.

ముద్ర అంటే పెద్ద వస్తువేమీ కాదు. చిటికెన వేలంత ఉక్కు ముక్క. కొన మీద ఎత్తుగా పదిహేడు అన్న అంకె. గ్యాస్ సిలిండర్లకు వాల్వులు చేసే ఆ ఫ్యాక్టరీలో తనిఖీ చేసేవాళ్ళకు తలా ఒక నంబరు ఉంటుంది. వాల్వును కొలిచి, దీపం కింద తిప్పి చూసి, గాలి పట్టి నీళ్ళలో ముంచి, బుడగ రాలేదని తేలాక దాని మెడ మీద ముద్ర ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. ఆ దెబ్బతో ఆ వాల్వు బాధ్యత ఆ నంబరు మనిషిది. అందుకే అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. "నాలుగుగారు వచ్చారా?" "పదిహేడక్కా, టీ తాగావా?" అంతే. కొత్తలో ఆమెకు నవ్వొచ్చేది. ఇంట్లో కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు కనుక త్వరగానే అలవాటైపోయింది.

షిఫ్టు దిగేటప్పుడు ముద్రను లాకర్లో పెట్టి సంతకం చేసి పోవాలి. ఆ మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ..." అని ఆగిపోయాడు. ఆమె ఏప్రన్‌తోనే పరుగెత్తింది. ముద్ర ఏప్రన్ జేబులో ఉంది. ఆస్పత్రిలో ఆ ఏప్రన్ ఎక్కడ విప్పిందో, ఎవరు తీసి ఎక్కడ పెట్టారో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. గుర్తున్నదల్లా అమ్మ కాలి బొటనవేలు ఇంకా వెచ్చగా ఉందని దాన్ని పట్టుకుని కూర్చోవడం.

అయిదో రోజు పనిలోకి వెళ్ళింది. పోయిన ముద్ర నంబరును శాశ్వతంగా రద్దు చేస్తారు. అది ఎవరి చేతికైనా చిక్కి పనికిరాని వాల్వు మీద పడితే ఒక వంటిల్లు తగలబడుతుంది. ఆ నిబంధనను ఆమె ఏనాడూ తప్పుపట్టలేదు. లీడ్ ఇన్‌స్పెక్టరు, అంటే నాలుగో నంబరాయన, ఫారం స్వయంగా నింపాడు. 'కారణం' అన్న గడిలో ఒక్క మాట రాశాడు: అజాగ్రత్త. కింద ఆమె సంతకం పెట్టింది. అప్పుడు ఆమె దేనికైనా సంతకం పెట్టేదే.

"కొత్త ముద్ర రావడానికి ఆర్నెల్లు పడుతుందమ్మా. అందాకా నువ్వు చూసి ఇటు తోసెయ్, నాది వేసేస్తా. నువ్వేమన్నా పరాయిదానివా?" అన్నాడు ఆయన.

ఆ ఆర్నెల్లు తొమ్మిదేళ్ళయ్యాయి. అడిగినప్పుడల్లా "ఇప్పుడేం తక్కువైందమ్మా, పని నడుస్తోందిగా" అనేవాడు. చెడ్డగా అనేవాడు కాదు. ఆ మెత్తని మాటకు ఎదురు చెప్పడం ఆమెకు తెలియలేదు. ఇంట్లో అత్తగారు, ఆవిడ ఉన్నన్నాళ్ళూ, "పోయింది ముద్రేగా, ఉద్యోగం కాదుగా! అదీ పోతే ఇంట్లో పని వేళకు తెమిలేది" అనేవారు. భర్తయితే, "తల్లి దగ్గరికి వెళ్తూ ఇనపముక్క జేబులో వేసుకెళ్ళినదాన్ని నిన్నే చూశానోయ్" అని వచ్చినవాళ్ళందరి ముందూ చెప్పి నవ్వించేవాడు. కొత్త సిలిండరు వచ్చినప్పుడల్లా మూత తీసి, వంగి చూసి, "అదిగో, మీ నాలుగాయన మనింట్లోకి కూడా వచ్చేశాడు" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ వాల్వును దీపం కింద తిప్పి చూసిన కళ్ళు తనవని చెప్పాలంటే ముందు చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టాలి. అంత తీరిక ఉండేది కాదు.

ఇప్పుడు నాలుగాయన రిటైరయ్యాడు. లీడ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి ఫ్యాక్టరీలో ఉన్నవాళ్ళు ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చనీ, శుక్రవారంలోగా రెజ్యూమే ఇవ్వాలనీ నోటీసు పెట్టారు. ఆఫీసు నుంచి వచ్చిన ఒకమ్మాయి అందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి చెప్పింది. "ఒక్క పేజీ దాటొద్దు. ఫలానా చోట ఉన్నాను అని కాదు, ఏం చేశారు, దానివల్ల ఏమైంది, అది రాయండి. అంకెలు వేయండి. పై అయిదు లైన్లు చదివితే మీరెవరో తెలిసిపోవాలి."

"అయిదు లైన్లకే? మా ఆవిడకి పదేళ్ళయినా తెలీలేదమ్మా!" అన్నాడు పన్నెండో నంబరు. అందరూ నవ్వారు. ఆమె మాత్రం చేతిలోని కాగితం మీద 'ఏం చేశారు?' అని రాసుకుని దాని కిందే చూస్తూ కూర్చుంది.

ఆదివారం పొద్దున భర్త కంప్యూటరు ముందు కుర్చీ వేసుకున్నాడు. ఆఫీసులో ఇలాంటి కాగితాలు ఆయనే దిద్దుతాడు. కూతురు టైపు చేస్తోంది. ఆమె పక్కన నిలబడి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"నాలుగో నంబరు ఇన్‌స్పెక్టరుగారికి తనిఖీలో సాయపడ్డాను. కొట్టు."

"సాయపడటం అంటే ఏం చేసేది నాన్నా అమ్మ?"

"అదే, చూసి అందించేది."

"చూసేదాన్ని నేను. ముద్ర వేసేది ఆయన" అంది ఆమె.

"నేను చెప్పేదీ అదేగా! ముద్ర ఎవరిదైతే పని వాళ్ళది. నువ్వు చేశావని చూపించడానికి నీ దగ్గర ఏ కాగితం ఉంది?" అన్నాడు. కోపంగా కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నిజంగా ఆమె మంచి కోరే అన్నాడు. "ఆ పోగొట్టుకున్న సంగతి మాత్రం ఎత్తకు. అడిగితే అప్పుడు చూసుకుందాం. అన్నట్టు, మధ్యాహ్నం అన్నయ్యావాళ్ళూ భోజనానికి వస్తున్నారు. పప్పు కొంచెం ఎక్కువ పెట్టు."

ఆమె ఇస్త్రీపెట్టె ఆపి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కడుగుతూ లెక్క వేసుకుంది. పందొమ్మిదేళ్ళ పని. మొదటి పదేళ్ళు పదిహేడో నంబరు. తర్వాత తొమ్మిదేళ్ళు ఏమీ కాదు. ఆ తొమ్మిదేళ్ళలోనే పని బాగా వచ్చింది. వేలి కొసతో తడిమితే బీట తెలిసేంత వచ్చింది. కానీ తాను చూసిన వాల్వు పేలదు, పేలకపోతే దాన్ని ఎవరూ తలచుకోరు. ఈ ఇంట్లోనూ అంతే. మూడేళ్ళు మంచం పట్టిన అత్తగారి వీపు మీద ఒక్క పుండు పడలేదు. పడి ఉంటే అందరూ చూసేవారు. పడలేదు కాబట్టి ఆవిడది గట్టి ఒళ్ళు అన్నారు. జరగకుండా ఆపినదానికి గుర్తు ఎక్కడుంటుంది? దాన్ని ఒక్క పేజీలో ఎలా పెట్టాలి? కుక్కరు మూత పెడుతుంటే ఆమెకు చాలా అలసటగా అనిపించింది. అర్జీ పెట్టకపోతే ఈ వారమంతా ఎంత తేలిగ్గా ఉంటుందో అనుకుంది. అప్పుడు ఆ ఉద్యోగంలోకి వచ్చేది పన్నెండో నంబరు. అతని ముద్ర కిందికి తోయాలి. రిటైరయ్యేదాకా.

సోమవారం టీ విరామంలో రికార్డు గదికి వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఆమె ఈడుదే.

"పాత రిజిస్టర్లా? నీకెందుకు పదిహేడక్కా? అన్నిట్లో నాలుగే ఉంటుంది. నీ పేరుండదు."

"తెలుసు. ఒకసారి చూసి పోతాను."

"రిజిస్టర్లలో లేకపోతేనేం, నీ రాతతో ఈ గదిలో నాకు కాలు పెట్టే చోటు లేదు." గుమాస్తా బల్ల కింది నుంచి ఒక అట్టపెట్టెను కాలితో ముందుకు తోసింది. "ఇలాంటివి ఇంకో ఎనిమిది. ఎప్పుడు పారేయమంటారా అని చూస్తున్నా."

ఎర్ర చీటీలు. బాగున్న వాల్వుకు ముద్ర పడుతుంది. బాగాలేనిదానికి తీగతో ఎర్ర చీటీ కడతారు. లోపం ఏమిటో, ఎక్కడో రాసి, కనిపెట్టినవాళ్ళు సంతకం చేయాలి. ఆ సంతకం ఎవరికీ ఇష్టం ఉండదు. చీటీ పడగానే తయారీ సూపర్‌వైజరు మీదికొస్తాడు. "ఇంట్లో కూడా ఇలాగే ఏరుతావా తల్లీ? మీ ఆయన ఇంకా బతికే ఉన్నాడా?" అని నలుగురిలో అరుస్తాడు. అందుకే నాలుగాయన, "చీటీలు నువ్వే రాయమ్మా, వాళ్ళ నోట్లో నోరు పెట్టలేను" అనేవాడు. తొమ్మిదేళ్ళు మంచివన్నీ ఆయన నంబరు మీద వెళ్ళాయి. తిట్లు తిన్నవన్నీ ఆమె సంతకంతో ఇక్కడికి చేరాయి.

ఆమె నేల మీద కూర్చుని ఒక చీటీ తీసింది. వాల్వు మూసుకునే సీటు దగ్గర వెంట్రుక వాసి బీట, మొత్తం లాటు ఆపాలి. నాలుగు వందల వాల్వుల లాటు అది. లారీ ఎక్కించబోతుంటే, ల్యాబులో కోసి చూసేదాకా పెట్టె మీద నుంచి లేవనని కూర్చుంది. కోసిన ప్రతిదాంట్లోనూ బీట ఉంది. ఆ ఏడాది షీల్డు నాలుగాయనకు ఇచ్చారు. ఆ సాయంత్రం ఆమె ఆలస్యంగా ఇంటికి వెళ్ళినందుకు మాటలు పడింది.

మూడు రోజులు టీ విరామాల్లో ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు. గురువారం సాయంత్రం ఆమె కూతుర్ని కుర్చీలోంచి లేపి తానే కంప్యూటరు ముందు కూర్చుంది. 'సాయపడ్డాను' అన్న లైను కొట్టేసి ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాసింది. తొమ్మిదేళ్ళలో 3,846 వాల్వులను ఆపాను. ప్రతి చీటీ మీద నా సంతకం ఉంది. తిరిగి పరీక్షించినప్పుడు ఒక్కటీ మంచిదని తేలలేదు.

భర్త ఆమె భుజం మీదుగా చదివాడు. "ఆపినవి ఎవరైనా గొప్పగా రాసుకుంటారా? పాస్ చేసినవి రాయాలి."

"పాస్ చేయడానికి మనిషెందుకండీ? ముద్ర ఉంటే చాలు."

ఆమె చివరి లైను రాసింది. పదిహేడో నంబరు ముద్ర నా దగ్గరే పోయింది.

"నీకేమన్నా పిచ్చా? నీ తప్పు నువ్వే రాసుకుంటావా?"

"తప్పు కనబడితే రాయడమే నా పని. నాదైనా అంతే." ఆమె ఇంకో వాక్యం చేర్చింది. ఆ రోజు మా అమ్మ చనిపోయింది.

కూతురు తెర వంక, తల్లి వంక చూసింది. "అమ్మమ్మ పోయిన రోజేనా అది? నాన్న చెప్పే జోకు... అదీ ఆ రోజేనా? నువ్వెప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా" అంది ఆమె. భర్త వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

శుక్రవారం పొద్దున ఆమె ఆ పేజీ ఆఫీసులో ఇచ్చింది. జవాబుకు నెల పడుతుందన్నారు. రికార్డు గదిలో తొమ్మిదేళ్ళనాటి ఫారం అలాగే ఉంది. కారణం అన్న గడిలో అజాగ్రత్త అనీ, దాని కింద ఆమె సంతకమూ. దాన్ని ఆమె ఇంకా దిద్దించలేదు.