ఎదురుకాళ్ళవాడు

తడి పచ్చిక అరికాలికి చల్లగా తగిలింది.

దుబాయ్‌కు అవతల, రాస్ అల్ ఖైమా కొండల మీద పొగమంచు ఇంకా విడలేదు. ఫుట్‌బాల్ మైదానంలో స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి — చిక్ చిక్ చిక్... పర్శరాములు బూట్లు విప్పి గట్టున పెట్టాడు. తెల్లవారగానే ఈ గడ్డి మీద వట్టికాళ్ళతో ఓ చుట్టు తిరగడం అతని అలవాటు. నీళ్ళు సరిగ్గా పడనిచోటు కాలికి తెలిసిపోతుంది.

ఎడారిలో గడ్డి పెంచడమంటే మాటలా? చంటిపిల్లను సాకినట్టు సాకాలి. ఎవరి కోసం పెంచుతున్నామని మాత్రం అడగకూడదు.

రెండువేల ఆరు. చలికాలం. ఆసారి చైనా నుంచి ఒక జట్టు వచ్చింది.

పెద్ద జట్టేమీ కాదు. వాళ్ళ దేశంలో రెండో మెట్టు లీగులో ఆడుతుంది. వాళ్ళ ఊళ్ళో మైదానాల మీద మంచు పేరుకుపోయి ఉందట. సీజన్ మొదలయ్యేలోపు ఒళ్ళు వంచి సాధన చేయడానికి ఇక్కడికి వచ్చారు.

ఇవన్నీ చెప్పింది ఇమామ్ హుస్సేన్. కడప మనిషి, జట్టు బస్సు నడుపుతాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. కిందటేడు వీళ్ళు అట్టడుగున తేలారట. ఈ ఏడూ అంతే అయితే ఇంకో మెట్టు కిందికి జారిపోతారట. అప్పుడు జట్టే ఉండదట. ఇక్కడ ఆఖరి పోటీ కాగానే కొందరిని వద్దనేస్తారట. ఎవరిని అన్నది కోచ్‌కు తప్ప ఎవరికీ తెలియదట.

అందుకే వాళ్ళు నవ్వరు.

పరుగెత్తేటప్పుడు నవ్వరు. నీళ్ళు తాగేటప్పుడు నవ్వరు. గోల్ కొట్టినా ముందు కోచ్ మొహం చూస్తారు.

కోచ్ మైదానం గీత పక్కన నిలబడి ఉంటాడు. నడుం మీద చెయ్యి. అరవడు, తిట్టడు... ఆ చెయ్యి మాత్రం దించడు. దాన్ని చూస్తేనే పర్శరాములు పక్కకు తప్పుకునేవాడు. ముదీర్, అంటే ఇక్కడి మేనేజరు, కోపమొస్తే అచ్చం అలాగే నిలబడతాడు మరి.

ఆఖరి పోటీ రేపనగా, మధ్యాహ్నం ఇమామ్ హుస్సేన్ ఒక కుర్రాణ్ణి పంపుగది వెనక్కి నడిపించుకొచ్చాడు. పేరు లిన్. బూటు లేసు కట్టుకోబోయి వంగాడట, నడుం పట్టేసిందట. ఎవరికీ చెప్పలేదు. పళ్ళు బిగబట్టుకుని కడ్డీలు పట్టుకుని బస్సెక్కుతుంటే డ్రైవరు అద్దంలో చూశాడు.

"డాక్టరుకు చెప్తే రేపు కూర్చోబెడతారంట రాములన్నా. కూర్చుంటే ఈ పిల్లోని సీజన్ అయిపాయ. నువ్వు కాలు పెట్టాల."

ఎవరైనా విన్నారేమోనని పర్శరాములు చుట్టూ చూశాడు. ఎప్పుడో చాయ్ తాగుతూ నోరు జారాడు. పుట్టినప్పుడు తన కాళ్ళే ముందొచ్చాయని, తల్లి భూమవ్వ చావు తప్పి బతికిందని చెప్పాడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు కాలు ఆనిస్తే పట్టేసిన నడుం వదులుతుందని ఊళ్ళో నమ్మకం. నాట్లు వేసి వేసి నడుం పట్టినవాళ్ళంతా పొద్దున్నే వాళ్ళ వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు. ముసలివాళ్ళు కూడా. చిన్నప్పటి నుంచీ అతను పెద్దల వీపుల మీద కాలు పెట్టాడు. పెట్టినప్పుడల్లా, తప్పు కాయమని వాళ్ళ పాదాలకు దండం పెట్టాడు. లేచినవాళ్ళు లేచారు. లేవనివాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చారు.

గల్ఫ్‌కు వచ్చాక ఆ కాలును బూటులో దాచేశాడు.

"గది మా ఊరి నమ్మకం భాయ్. సముద్రం దాటినంక నా కాలుల ఏమున్నదో నాకే ఎర్కలేదు."

అది వినయం కాదు. భయం. అతిథులను తాకకూడదు, పలకరించకూడదు, ఎదురుపడకూడదు — పనిలో చేరిన రోజే ముదీర్ చెప్పిన మాటలవి. చెయ్యి తగిలితేనే తప్పంటే, కాలా! ఎవరి కంటనైనా పడితే ఖలాస్, ఇంటిదారే.

కానీ లిన్ అప్పటికే బోర్లా పడుకున్నాడు. ఇమామ్ హుస్సేన్ చేతులు తిప్పి, పొట్ట నిమిరి, ఏం అభినయించి చెప్పాడో దేవుడికే తెలియాలి. ఆ పిల్లవాడికి ఏం అర్థమైందో కూడా దేవుడికే తెలియాలి. భయపడ్డ మనిషి ఏది పెట్టినా మింగుతాడు.

పర్శరాములు బూటు విప్పాడు. కాలు ఆనించాడు.

కాలి కింద వీపు వణికింది. మొదటిసారి కాడికి కట్టిన కోడెలా వణికింది. మూడుసార్లు మెల్లగా తన్ని, వంగి దండం పెట్టాడు.

లిన్ లేచాడు. వంగాడు. కాలివేళ్ళు ముట్టుకున్నాడు... నవ్వాడు!

అసలు భయం అప్పుడు పుట్టింది.

నొప్పి పోయిందా, దాక్కుందా? డాక్టరుకు చెప్పాల్సిన నొప్పిని తను కాలితో కప్పెట్టాడా? రేపు ఎగిరినప్పుడు ఆ నడుం పుటుక్కుమంటే... ఈ ఒక్క సీజన్ కాదు, ఎన్ని సీజన్లు పోతాయో! పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

మర్నాడు పోటీ. పర్శరాములు నీళ్ళ పైపు పట్టుకుని మూల జెండా దగ్గర నిలబడ్డాడు. లిన్ ఎగిరితే కళ్ళు మూసుకున్నాడు. దిగితే తెరిచాడు. ఎగరడం... దిగడం... కళ్ళు మూయడం... తెరవడం... ఆట ఎటు పోతోందో అతనికి తెలియలేదు. పోతే పోనీ.

ఒకసారి ఎవడో గుద్దాడు. లిన్ పడ్డాడు.

లేవలేదు.

కోచ్ అటు పరుగెత్తబోయి, ఒక్క అడుగేసి, ఆగిపోయాడు. చెయ్యి మళ్ళీ నడుం మీదికి వెళ్ళింది. మల్లన్నా, కొంరెల్లి మల్లన్నా... పర్శరాములు చేతిలో పైపు తన బూట్ల మీదే నీళ్ళు పోస్తోంది.

లిన్ లేచాడు. మోచెయ్యి దులుపుకుని పరుగెత్తాడు.

సాయంత్రం ఇమామ్ హుస్సేన్ చెప్పాడు, లిన్‌ను ఉంచుకున్నారని. ముగ్గురిని వద్దన్నారట. వాళ్ళలో ఒకడు బస్సు వెనక సీట్లో టవల్ ముఖాన కప్పుకుని కూర్చున్నాడట.

తెల్లవారింది. జట్టు వెళ్ళిపోయే రోజు. పొగమంచు. చిక్ చిక్ చిక్... పర్శరాములు వట్టికాళ్ళతో గడ్డి మీదికి వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

మైదానం నడుమ కోచ్ నిలబడి ఉన్నాడు. పక్కన లిన్. కాస్త వెనగ్గా ఇమామ్ హుస్సేన్, తల వంచుకుని.

ఆ నోరు! నువ్వుగింజ నానని ఆ నోరు!

అయిపోయింది. ఖలాస్. విమానం, ఊరు, భూమవ్వ ముందు ఉత్త చేతులతో నిలబడటం — అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కనబడ్డాయి. కోచ్ అతని వైపే నడిచొచ్చాడు. నడుం మీద చెయ్యి. ఒక్కో అడుగూ ఆగి ఆగి...

దగ్గరికి వచ్చాకే పర్శరాములుకు తెలిసింది. ఆ చెయ్యి కోపంతో పెట్టుకున్నది కాదు. నడుం పడిపోకుండా పట్టుకున్నది.

లిన్ భుజం ఊతంగా కోచ్ మోకాళ్ళ మీదికి వంగాడు. తడి గడ్డి మీద బోర్లా పడుకున్నాడు.



భయం పోవాలి కదా? పోలేదు. ఊళ్ళో అయితే నయంకానివాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు. ఈ మనిషి మర్నాడుండడు. మంచు కురిసే దేశంలో, ఒక జట్టంతటినీ ఈ నడుం మీద మోసుకుంటూ ఏడాదంతా గీత పక్కన నిలబడతాడు. అక్కడ అది పట్టేస్తే ఎవరి వాకిట్లో పడుకుంటాడు?

"కానియ్యన్నా," అన్నాడు ఇమామ్ హుస్సేన్ చిన్నగా. "ఈయప్ప శానా రోజుల్నుంచీ దాచిపెట్టుకున్నాడంట."

పర్శరాములు ముందుగానే దండం పెట్టాడు. కాలు ఎత్తాడు.

స్ప్రింక్లర్ తిరిగింది. నీళ్ళు వచ్చి ముగ్గురి మీదా, పడుకున్న వీపు మీదా పడ్డాయి. ఎత్తిన అరికాలికి గడ్డిపరక ఒకటి అంటుకుని ఉంది.

చల్లగా... చిక్ చిక్ చిక్...

కింద వీపు వణుకుతోందో, పైన కాలే వణుకుతోందో.